హాయినిచ్చే భ్రమ, కష్టపెట్టే స్వేచ్ఛ

(తిరుత్తణిలో జరిగిన తెలుగు కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

పళ్ళిపట్టు నుంచి, ఆర్.కె.పేట నుంచి, పొదటూరుపేట నుంచి, తిరువాలంగాడు నుంచి, ఊత్తుకోట నుంచి, తిరువళ్ళూరు నుంచి పనులు మానుకొని వచ్చిన పెద్దలకు, అక్కచెల్లెళ్ళకు, అన్నదమ్ములకు, ఆదివారపు ఆటలు వదులుకొని వచ్చిన పిల్లలకు నా అభివాదాలు.

ఇటువంటి సభల్లో ఏమి జరుగుతుందో మనందరికీ తెలుసు. తెలుగు తీయనిదని ఒకరు చెబుతారు. ప్రాచీనమైనదని మరొకరు చెబుతారు. మనం చప్పట్లు కొడతాం, భోజనం చేస్తాం, మనసు నిండిందనుకొని ఇళ్ళకు వెళ్తాం. మరునాడు ఉదయం మన పిల్లవాడు సంచీ తగిలించుకొని, తెలుగు పుస్తకం ఒక్కటీ లేని బడికి వెళ్తాడు. ఆ చప్పట్లకూ ఈ సంచీకీ మధ్య ఉన్న దూరాన్ని గురించే ఈ రోజు మాట్లాడదలచాను. నేను జీవితమంతా తెలుగు చెప్పుకొని బతికిన బడిపంతులును. ఎవరినీ నొప్పించాలని కాదు గాని, పంతులుకు తప్పు దిద్దకుండా ఊరుకోవడం చేతకాదు.

ఈసపు కథల్లో ఒక కుక్కా తోడేలూ ఎదురుపడతాయి. కుక్క బలిసి నిగనిగలాడుతూ ఉంటుంది. తోడేలు డొక్కలు ఎండి ఉంటుంది. 'నాతో రా, వేళకు తిండి దొరుకుతుంది' అంటుంది కుక్క. తోడేలు సరేనని బయలుదేరుతుంది. దారిలో కుక్క మెడమీద వెంట్రుకలు ఊడిన చోటు కనబడుతుంది. అదేమిటని అడిగితే, పట్టెడ రాపిడి, అలవాటైపోయింది అంటుంది. తోడేలు వెనుదిరిగి అడవికి పోతుంది. ఈ కథ చిన్నప్పుడు మనం చదివినదే. అయితే మన కథ దానికంటె చిక్కైనది. ఆ కుక్కకు తన మెడలో పట్టెడ ఉన్నదని తెలుసు. మనకు మన మెడ తడుముకొని చూసుకోవాలన్న ఆలోచనే రావడం లేదు. అంతా బాగానే ఉన్నదనుకొంటున్నాం. అందుకే దానిని భ్రమ అంటున్నాను.

మనం కదలలేదు, గీత కదిలింది

మొదట చరిత్రను నిష్పక్షపాతంగా చూద్దాం. ఈ తిరుత్తణి పూర్వం ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉండేది. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు అందులో చేరింది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం అవతరించినప్పుడు ఆంధ్రలో ఉన్నది. పొట్టి శ్రీరాములుగారు 1952 అక్టోబరు 19న మద్రాసులో నిరాహారదీక్ష ప్రారంభించి డిసెంబరు 15 రాత్రి కన్నుమూశారు. ఆ త్యాగంతో రాష్ట్రం వచ్చింది, మద్రాసు రాలేదు. 'మద్రాసు మనదే' అన్న నినాదాన్ని నమ్ముకొన్నవారికి అదొక పెద్ద దెబ్బ.

ఇక ఇటువైపు మ.పొ. శివజ్ఞానంగారి నాయకత్వంలో తమిళులు ఉత్తరపు ఎల్లకోసం ఉద్యమించారు. తిరుత్తణి తమకు కావాలన్నారు. 1956లో ఈ తగవు తీర్చడానికి పాటస్కర్‌గారిని మధ్యవర్తిగా నియమించారు. పల్లెను ప్రమాణంగా తీసుకోవడం, ఏ భాషవారు ఎక్కువో చూడడం, నేల ఒకదానికొకటి ఆనుకొని ఉండడం, ఇవి ఆయన పాటించిన సూత్రాలు. దానిననుసరించి పార్లమెంటు 1959లో సరిహద్దుల మార్పు చట్టం చేసింది. 1960 ఏప్రిల్ 1 నుంచి తిరుత్తణి తాలూకా, పళ్ళిపట్టు ఉప తాలూకా మద్రాసు రాష్ట్రంలోకి వచ్చాయి. చెంగల్పట్టు, సేలం జిల్లాల నుంచి కొంత భూభాగం ఆంధ్రకు వెళ్ళింది. సత్యవేడు ఆ విధంగా అటు చేరింది. 1997 జనవరి 1న తిరువళ్ళూరు జిల్లా ఏర్పడిన తర్వాత మనం ఈ జిల్లావాళ్ళమయ్యాం.

ఈ మార్పుల్లో మన తాతలు ఒక్క అడుగు కూడా కదలలేదు. అదే ఇల్లు, అదే కయ్య, అదే బావి. గీత మాత్రం కదిలింది. సత్యవేడు వైపు వెళ్ళిన తమిళ కుటుంబాల మాటా ఇదే. కనుక ఇందులో ఎవరినో దోషిగా నిలబెట్టి తిట్టుకోవడం వల్ల ప్రయోజనం లేదు. 1960లో జరిగినది పాలకుల నిర్ణయం. ఆ తర్వాత అరవై ఏళ్ళకు పైగా మన ఇళ్ళలో జరిగినది మాత్రం చాలావరకు మన నిర్ణయమే. లేదా, నిర్ణయం తీసుకోకుండా కాలం గడపడమే.

మొదటి భ్రమ: ఇంట్లో మాట్లాడుతున్నాం కదా

'మా ఇంట్లో తెలుగే మాట్లాడుతాం సార్, మా భాషకేమీ ఢోకా లేదు.' ఈ మాట నేను లెక్కలేనన్ని సార్లు విన్నాను. మనసుకు ఎంతో హాయినిచ్చే మాట. నిజమా? ఒక్కసారి మన ఇంట్లోనే మూడు తరాలను వరుసగా నిలబెట్టి చూడండి. తాత తెలుగు చదివేవాడు, రాసేవాడు. తండ్రి తెలుగు మాట్లాడుతాడు, చదవలేడు. కొడుకు తెలుగు విని అర్థం చేసుకొంటాడు, తమిళంలోనో ఇంగ్లీషులోనో బదులు చెబుతాడు. నాలుగో తరం సంగతి నేను చెప్పనక్కరలేదు.

మీ ఇంటి పెట్టెలో పాత దస్తావేజులు ఉన్నాయా? 1960కి పూర్వపు క్రయపత్రాలు, భాగపరిష్కార పత్రాలు, ముత్తాత రాసుకొన్న జమాఖర్చులు? చాలా ఇళ్ళలో ఉన్నాయి. వాటిలో ఏ పొలానికి ఏ గెనిమ హద్దో, ఏ బావిలో ఎవరికెంత భాగమో తెలుగులో రాసి ఉంటుంది. ఇప్పుడు వాటిని చదివించడానికి ఎక్కడికి వెళ్తున్నారు? నగరికో పుత్తూరుకో పోయి, తెలిసినవారిని బతిమాలుకొంటున్నారు. మన తాత మన కోసం రాసి పెట్టిన మాటను, మన ఇంటి భాషలోనే ఉన్న మాటను, పరాయివారు చదివి మనకు చెప్పవలసి రావడం కంటె పరాధీనత ఇంకేముంటుంది?

పెళ్ళి పత్రికలు చూడండి. ఇంటిపేరు తెలుగు, పెళ్ళికూతురు పేరు తెలుగు, దీవించే అవ్వ నోట తెలుగు, అచ్చు తమిళం. కొందరు పిల్లలు ఫోన్లో తెలుగు మాటలను తమిళ అక్షరాలతో రాసుకొంటున్నారు. తమిళ లిపి తమిళానికి చక్కగా సరిపోతుంది. మన మాటకు సరిపోదు. ఆ లిపిలో గుడి రాసినా కుడి రాసినా ఒకటే. బడి రాసినా పడి రాసినా ఒకటే. పిల్లవాడి నోటిలో వేరువేరుగా ఉన్న శబ్దాలు కాగితం మీద కలిసిపోతాయి. కొన్నాళ్ళకు నోటిలోనూ కలిసిపోతాయి.

అక్షరం లేని మాట వానాకాలపు వాగువంటిది. పారుతున్నంతసేపు నిండుగా కనిపిస్తుంది. చెరువులేని ఊళ్ళో ఆ నీరు నిలవదు.

రెండో భ్రమ: ఎవరో వచ్చి కాపాడుతారు

'ఆంధ్ర ప్రభుత్వం చూసుకొంటుంది, నాయకులు మాట్లాడుతారు, కోర్టు ఉత్తరువు ఇస్తుంది.' ఇది రెండో భ్రమ.

2006లో తమిళనాడు శాసనసభ తమిళ అభ్యసన చట్టం చేసింది. 2006-07లో ఒకటో తరగతితో మొదలుపెట్టి, ఏటా ఒక తరగతి చొప్పున, తమిళాన్ని మొదటి భాగంలో తప్పనిసరి పాఠ్యాంశం చేస్తూ వచ్చారు. పదో తరగతికి ఆ వరుస 2015-16లో చేరుతుందని మొదటి రోజు నుంచే తెలుసు. అంటే మనకు తొమ్మిదేళ్ళ గడువు ఉన్నది. ఆ తొమ్మిదేళ్ళలో మన పల్లెల్లో ఎన్ని అరుగుల మీద తెలుగు పలకలు కనిపించాయి? పరీక్ష దగ్గరపడిన తర్వాత కోర్టుకు పరుగెత్తారు. 2016లో మద్రాసు హైకోర్టు భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ఊరట ఇచ్చింది. తర్వాత కూడా మినహాయింపులు వచ్చాయి. 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు మరొక్క సంవత్సరం పొడిగించింది. ఆ పోరాటం చేసినవారిని నేను తక్కువ చేయడం లేదు. వారు లేకపోతే ఎందరో పిల్లలు అన్యాయమైపోయేవారు.

కాని ఒక్క విషయం గమనించండి. మినహాయింపు అంటే గడువు. అప్పులవాడు 'వచ్చే నెల ఇవ్వు' అన్నంత మాత్రాన అప్పు తీరిపోదు. మినహాయింపు వచ్చిన ప్రతిసారీ మనం హమ్మయ్య అనుకొని పడుకొన్నాం. ఒక సంవత్సరపు మినహాయింపు ఒక పిల్లవాడిని ఒక పరీక్ష నుంచి గట్టెక్కిస్తుంది. ఒక తెలుగు ఉపాధ్యాయుణ్ణి బడికి తీసుకురాదు. ఒకటో తరగతిలో తెలుగు వాచకాన్ని పిల్లవాడి చేతిలో పెట్టదు.

ఆంధ్ర వైపు నుంచి ఏమి వస్తుంది? నీరు వస్తున్నది. 1983లో మొదలుపెట్టిన తెలుగుగంగ నీరు 1996లో కండలేరు నుంచి ఊత్తుకోట దాటి మన పూండి జలాశయానికి చేరింది. రెండు ప్రభుత్వాలు కూర్చొని మాట్లాడుకొంటే, కాలువ తవ్వితే, ఎల్ల దాటి నీరు వచ్చింది. మన మద్రాసు బంధువులు ఆ నీళ్ళు తాగుతున్నారు. మరి అక్షరానికి ఎవరు కాలువ తవ్వారు? ఎవరూ తవ్వలేదు. ఎందుకంటే నీరు కావాలని మద్రాసు గట్టిగా అడిగింది. అక్షరం కావాలని మనం అడగలేదు. అడగనిదే అమ్మైనా అన్నం పెట్టదని సామెత ఉండనే ఉన్నది.

మూడో భ్రమ: మన భాష గొప్పది, దానికి చావు లేదు

2008లో కేంద్ర ప్రభుత్వం తెలుగును ప్రాచీన భాషగా గుర్తించింది. సంతోషం. 2011 జనగణన ప్రకారం తమిళనాడులో తెలుగు మాతృభాషగా చెప్పుకొన్నవారు 42 లక్షలు దాటి ఉన్నారు. నూటికి దాదాపు ఆరుగురు. అదీ సంతోషమే. ఈ తిరుత్తణిలో 1888 సెప్టెంబరు 5న పుట్టిన సర్వేపల్లి రాధాకృష్ణన్‌గారు రాష్ట్రపతి అయ్యారు. ఆయన పుట్టినరోజును దేశమంతా ఉపాధ్యాయ దినంగా జరుపుకొంటున్నది. ఈ మాట చెప్పినప్పుడల్లా మన ఛాతీ ఉప్పొంగుతుంది.

ఆ మహనీయుడు తిరుత్తణిలో చదువు మొదలుపెట్టి తిరుపతిలో, వేలూరులో, మద్రాసులో చదువుకొన్నారు. ఆనాడు ఆ ఊళ్ళ మధ్య ఎల్లలేదు. భాషలు పక్కపక్కనే బతికాయి. ఈనాడు ఆయన బొమ్మకు దండ వేస్తున్న మన పిల్లలలో ఆయన పేరును తెలుగులో రాయగలవారెందరు? తాతలు తాగిన నేతికి మన మూతులు వాసన చూసుకొన్నట్లుంది మన గర్వం. ప్రాచీనత తాతల సొమ్ము. 42 లక్షలు ఒక లెక్క. ఆ లెక్కలో ఉన్నవారిలో తెలుగు చదవగలవారెందరన్నది జనగణన అడగని ప్రశ్న. మనం అడుక్కోవలసిన ప్రశ్న.

మరి స్వేచ్ఛ అంటే ఏమిటి?

ఈ మూడు భ్రమలను వదిలితే మిగిలేది ఏమిటి? కష్టం మిగులుతుంది. దానిని దాచిపెట్టి మిమ్మల్ని మరొక భ్రమలోకి దింపను.

మొదటి కష్టం: మన పిల్లలు తమిళం బాగా నేర్చుకొని తీరాలి. తమిళం తప్పించుకోవడం స్వేచ్ఛ అని ఎవరైనా చెబితే నమ్మకండి. ఈ నేల మీద సంతలో, ఆసుపత్రిలో, కచేరీలో, ఉద్యోగంలో తమిళం రాని మనిషి ఎప్పటికీ పక్కవాడి మీద ఆధారపడవలసిందే. తమిళం మనకు శత్రువు కాదు, ఇరుగింటి భాష. ఇంగ్లీషు ఎలాగూ తప్పదు. కనుక మన పిల్లవాడికి మూడు భాషలు. పక్కింటి తమిళ పిల్లవాడికి రెండు. ఇది అన్యాయమే. అల్పసంఖ్యాకుడికి ఎక్కడైనా ఒక బరువు ఎక్కువే ఉంటుంది. ఆ బరువును ఎత్తుకోవడమా, తెలుగును దించేసి నడవడమా అన్నదే మన ముందున్న ప్రశ్న.

రెండో కష్టం: తెలుగు చదివినందుకు వెంటనే లాభం కనిపించదు. కళాశాల ప్రవేశానికి అది పనికివస్తుందని నేను హామీ ఇవ్వలేను. సాయంత్రం అరగంట ఆట పోతుంది. 'దీనివల్ల ఏమొస్తుంది?' అని బంధువులే వెటకారం చేస్తారు.

మూడో కష్టం మరింత చేదైనది. ఎల్లకు అటువైపు మన తెలుగును చూసి నవ్వేవారున్నారు. తిరుపతిలో దుకాణం ముందు నోరు విప్పగానే 'మీది అరవ తెలుగా?' అంటారు. అక్కడి పాఠ్యపుస్తకంలో మన కయ్య, మన గెనిమ, మన సంగటి కనిపించవు. ఇటు తమిళుల దగ్గర తెలుగువాళ్ళం, అటు తెలుగువాళ్ళ దగ్గర అరవవాళ్ళం. ఈ అవమానానికి జంకి నోరు మూసుకొన్న ఆడపడుచులను నేను చూశాను. వారికి నేను చెప్పేది ఒక్కటే. చిత్తూరు జిల్లా పల్లె మాటతో నామిని సుబ్రహ్మణ్యం నాయుడుగారు కథలు రాస్తే తెలుగు నాడంతా చదివింది. పులికాటు సరస్సు చుట్టూ ఉన్న పల్లెల మాటతో స.వెం. రమేశ్‌గారు 'ప్రళయకావేరి కథలు' రాశారు. ఆ సరస్సు ఒక అంచు మన తిరువళ్ళూరు జిల్లాలోనే ఉన్నది. మన మాటకు లోటు లేదు. దానిని రాసేవారు తక్కువైనారు, అంతే.

దీనికి మరోవైపు కి. రాజనారాయణన్‌గారిని తలుచుకోండి. తెలుగు ఇంట పుట్టిన తమిళ రచయిత. దక్షిణానికి వలస వెళ్ళిన తెలుగు కుటుంబాల కథను 'గోపల్ల గ్రామం' నవలగా తమిళంలో రాశారు. ఆ తర్వాతి భాగానికి 1991లో సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. తమిళ సాహిత్యం ఆయనను నెత్తిన పెట్టుకొన్నది. అది తమిళుల ఔదార్యం, ఆయన ప్రతిభ. కాని ఒక జాతి తన వలస కథను తన నుడిలో చెప్పుకోలేని స్థితికి చేరిందన్న సంగతి కూడా ఆ పుస్తకం అట్ట మీదనే ఉన్నది.

సముద్రం అవతల ఇద్దరు అన్నదమ్ములు

పంతొమ్మిదో శతాబ్దంలో మన తెలుగువారు చెరకు తోటల కూలికి ఓడలెక్కి మారిషస్ వెళ్ళారు, దక్షిణాఫ్రికాలోని నాటాల్ వెళ్ళారు. రెండు చోట్లా ఒకే రకం మనుషులు, ఒకే రకం కష్టం. నాటాల్‌లో 1931లోనే ఆంధ్ర మహాసభ ఏర్పడింది. భక్తి నిలిచింది, పండుగలు నిలిచాయి, సంఘం నిలిచింది. కాని బడిలో ఇంగ్లీషు స్థిరపడిన కొద్దీ ఇళ్ళలో తెలుగు చాలావరకు వెళ్ళిపోయింది. మారిషస్‌లోనూ ఇంటి భాషగా క్రియోల్ వచ్చేసింది. అయితే అక్కడివారు ఒక పని పట్టుదలగా చేశారు. ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో తెలుగును ఒక పాఠ్యాంశంగా పెట్టించుకొన్నారు. ఇంట్లో క్రియోల్ మాట్లాడే పిల్లవాడు బడిలో తెలుగు అక్షరాలు దిద్దుతున్నాడు.

మన స్థితి దానికి సరిగ్గా తలకిందులు. వేల మైళ్ళ దూరంలో ఉన్నవారికి మాట పోయింది, అక్షరం ఉన్నది. తిరుపతికి బస్సులో రెండు మూడు గంటల దూరంలో ఉన్న మనకు మాట ఉన్నది, అక్షరం పోయింది. వారు కష్టపడి అక్షరం నుంచి మాటను వెదుక్కోవాలి. మనకు మాట నోట్లోనే ఉన్నది. అక్షరం ఒక్కటి నేర్చుకొంటే చాలు. ఇంత తేలిక పనిని చేయకుండా ఉన్నామంటే, ఆ పనికి అవసరమే లేదన్న భ్రమ ఎంత హాయిగా ఉన్నదో ఆలోచించండి.

ఉన్న హక్కులు, చేయవలసిన పనులు

రాజ్యాంగం 29వ అధికరణం మన భాషను, లిపిని కాపాడుకొనే హక్కు ఇచ్చింది. 30వ అధికరణం మన బడులు మనం పెట్టుకొనే హక్కు ఇచ్చింది. 1956లో చేర్చిన 350-ఎ అధికరణం ప్రాథమిక దశలో మాతృభాషలో చదువుకు తగిన వసతులు కల్పించమని రాష్ట్రాలకు చెబుతున్నది. తరగతిలో పదిమంది గాని, బడిలో నలభైమంది గాని ఉంటే మాతృభాషలో బోధన ఏర్పాటు చేయాలని 1949లోనే విద్యామంత్రుల సమావేశం ఒక ప్రమాణం పెట్టింది. 350వ అధికరణం ప్రకారం దేశంలో గాని రాష్ట్రంలో గాని వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా విన్నపం పెట్టుకోవచ్చు.

ఇవన్నీ కాగితం మీద ఉన్నాయి. బడికి వెళ్ళి అడిగితే 'తెలుగు అడిగే పిల్లలు లేరు, టీచరు ఎందుకు?' అంటారు. తల్లిదండ్రులను అడిగితే 'టీచరు లేడు, తెలుగు ఎలా అడుగుతాం?' అంటారు. పెళ్ళి కుదిరితేగాని పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితేగాని పెళ్ళి కుదరదు! ఈ ముడిని ఎవరో ఒకరు ఒక చివర పట్టుకొని విప్పాలి. ప్రభుత్వం చివర మన చేతిలో లేదు. మన చివర మన చేతిలో ఉన్నది.

అందుకని నాలుగు పనులు చెబుతాను.

ఒకటి. బడిలో చేర్చేటప్పుడు మాతృభాష అన్న చోట తెలుగు అనే రాయించండి. పదిమంది తల్లిదండ్రులు కలిసి, పిల్లల పేర్లతో, సంతకాలతో ప్రధానోపాధ్యాయునికి, జిల్లా విద్యాధికారికి విన్నపం ఇవ్వండి. ప్రతి ఒకటి దగ్గర పెట్టుకోండి. బదులు రాకపోతే మళ్ళీ ఇవ్వండి. బదులు రావడానికి ఏళ్ళు పట్టవచ్చు. మీ పిల్లవాడు ఆ బడి దాటిపోయిన తర్వాత రావచ్చు. పక్కింటి పిల్లవాడికైనా ఉపయోగపడుతుంది.

రెండు. బదులు వచ్చేదాకా కాచుకోకండి. వీధికొక అరుగు, వారానికి నాలుగు సాయంత్రాలు, అరగంట. మనకు ఈ విషయంలో గురువులు తమిళులే. ఎల్ల ఉద్యమానికి ముందే మంగళంకిళార్ అనే తమిళ పండితుడు ఈ ప్రాంతపు పల్లెల్లో తిరిగి ఉచితంగా తమిళం నేర్పారు. తన భాషను పల్లెలో ముందు నాటారు, ఆ తర్వాత దానికోసం ఎల్ల అడిగారు. ఆయన చేసినది మనకు నష్టమనుకొని కోపగించుకొనేవారు కోపగించుకోండి, కాని ఆయన నుంచి నేర్చుకోండి.

నేర్పడం కష్టం కాదు. తమిళం చదివిన పిల్లవాడికి అ ఆ ఇ ఈ వరుస ఇదివరకే తెలుసు. ఎ ఏ, ఒ ఓ తేడా తెలుసు. గుణింతం అంటే ఏమిటో తెలుసు. తమిళంలో క ఒక్కటే ఉన్న చోట మనకు క ఖ గ ఘ నాలుగు ఉంటాయని చెబితే చాలు. గుడి వేరు, కుడి వేరు అని వాడి నోటికి ముందే తెలుసు గనుక 'ఓహో, దీనికి అక్షరం ఇదా' అని వాడే పట్టుకొంటాడు. ఒత్తులు వచ్చేసరికి కొంచెం తడబడతాడు. ఓపిక పట్టండి.

మూడు. జనగణన. 2021లో జరగవలసినది వాయిదాపడి, 2027 మార్చి 1ని ఆధార తేదీగా ప్రకటించారు. అందులో మాతృభాష అన్న ప్రశ్నకు మీరు చెప్పినదే రాయాలి. మాతృభాష అంటే బాల్యంలో తల్లి మనతో మాట్లాడిన భాష. బడిలో చదివిన భాష కాదు. గణకుడు అడగకుండా తమిళం అని రాసుకొని పోతుంటే ఆపి, తెలుగు అని చెప్పండి. పాటస్కర్ సూత్రంలో ఏ భాషవారు ఎక్కువన్న లెక్కకు ఎంత విలువ ఉన్నదో మనకంటె తెలిసినవారెవరు? ఇవాళ ఎవరూ ఎల్లను మార్చమని అడగడం లేదు, అడగనక్కరలేదు. బడిలో ఒక పంతులును అడగడానికి కూడా లెక్కే కావాలి.

నాలుగు. పెట్టెలోని పాత కాగితాలు తీయండి. చదవగలిగిన తాతలు, అవ్వలు ఇంకా కొందరున్నారు. మనవడిని పక్కన కూర్చోబెట్టుకొని ఒక్కొక్క పత్రం చదవండి. వాడి మొదటి తెలుగు వాచకం వాడి ముత్తాత దస్తావేజే కావచ్చు. పెళ్ళి పత్రికను ఒకవైపు తమిళంలో, ఒకవైపు తెలుగులో అచ్చువేయించండి. చుట్టాలు రెండూ చూస్తారు.

తెలిసి వదిలేయడం వేరు

చివరగా ఒక మాట. ఈ సభలో కొందరు మనసులో అనుకొంటూ ఉండవచ్చు: 'ఇంత కష్టం మాకు అక్కరలేదు. మేము తమిళనాడువాళ్ళం. మా పిల్లలు తమిళులుగా హాయిగా బతుకుతారు.' వారిని నేను నిందించను. కళ్ళు తెరిచి, ఇంటిల్లిపాది కూర్చొని, 'మన ఇంట తెలుగు ఈ తరంతో ముగుస్తుంది, మనం తమిళంలోకి వెళ్తున్నాం' అని నిర్ణయించుకొంటే అదీ ఒక స్వేచ్ఛే. ఎన్నో కుటుంబాలు చరిత్రలో ఆ దారిలో వెళ్ళాయి, గౌరవంగా బతికాయి. ఆ నిర్ణయానికి కూడా ధైర్యం కావాలి.

నాకు బాధ కలిగించేది మూడో రకం. తెలుగు ఉన్నదనుకొంటూనే పోగొట్టుకోవడం. పిల్లలకు ఇస్తున్నామనుకొంటూనే ఇవ్వకపోవడం. ఒకనాడు మనవరాలు 'అవ్వా, నాకెందుకు నేర్పలేదు?' అని తమిళంలో అడిగితే, 'మనం మాట్లాడుతూనే ఉన్నాం కదమ్మా' అని తెలుగులో చెప్పడం, ఆ మాట ఆ పిల్లకు సగమే అర్థం కావడం. అక్కడ ఎవరూ మనలను బలవంతపెట్టలేదు. ఎవరూ నిషేధించలేదు. హాయిగా ఉన్నామనుకొంటూ ఉండగానే అయిపోయింది.

కనుక ఉంచుకోదలచినవారు కష్టమని తెలిసి ఉంచుకోండి. వదలదలచినవారు నష్టమని తెలిసి వదలండి. రెండూ కాకుండా నిద్రలో నడవకండి. ఇక్కడ బల్ల మీద విన్నపం కాగితాలు ఉన్నాయి. సంతకం పెట్టదలచినవారు తెలుగులో పెట్టండి. తెలుగులో సంతకం రానివారు సిగ్గుపడవద్దు. పక్కనే పలకలు, బలపాలు పెట్టి ఉంచాం. మీ పేరులోని అక్షరాలు ఎన్నో లెక్కపెట్టుకోండి. మూడో, నాలుగో ఉంటాయి. భోజనాల గంట కొట్టేలోగా నేర్చుకోవచ్చు. పిల్లలు ముందు నేర్చుకొంటే పెద్దలకు నేర్పండి.